తంజావూరు పెద్ద గుడి విమానం (గర్భగుడి మీది గోపురం) ఎత్తు మేమే కొలిచాం

"ఈ గోపురం నీడ నేల మీద పడదు సార్" అని గైడ్ చెబుతున్నప్పుడు మేం నిలబడింది ఆ నీడలోనే. జనవరి అయినా, పదకొండున్నరకల్లా తంజావూరు పెద్ద గుడి రాతి నేల కాలిపోతోంది. చెప్పులు బయట వదిలేశాం కాబట్టి ఆ నీడే దిక్కు. బస్టాండు నుంచి ఆటోవాడు అడిగినంతా ఇచ్చుకున్న చిరాకు అప్పటికే ఉంది, ఈ మాటతో కోపమే వచ్చింది. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేయించిన గుడికి అబద్ధం చెప్పి గొప్పతనం తేవాలా?

మా అమ్మాయి పదో తరగతి. కోణమానినికి స్ట్రా అంటించి, దారానికి నట్టు కట్టి వెంట తెచ్చుకుంది. "నాన్నా, మనమే కొలుద్దాం" అంది.

కలశానికి సరిగ్గా కింద ఉన్న చోటు గర్భగుడి లోపల ఉంది, అక్కడి నుంచి టేపు పట్టలేం. అందుకని ఒకే వరుసలో రెండు చోట్ల నుంచి ఊర్ధ్వకోణం, అంటే కలశం వైపు చూపు నేలమట్టంతో చేసే కోణం, చూడాలి. ఈశాన్యం వైపు జరిగితే ఒకచోట సరిగ్గా 45 డిగ్రీలు వచ్చింది. అక్కడి నుంచి 30 మీటర్లు వెనక్కి వెళ్తే ముప్పైనాలుగున్నర. రెండు కోణాల కొటాంజెంట్ల (అడ్డదూరాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చే నిష్పత్తుల) తేడాతో 30ని భాగించి, అమ్మాయి కంటి ఎత్తు కలిపితే దాదాపు 67.4 మీటర్లు, అంటే 221 అడుగులు. పుస్తకాల్లో సుమారు 216 అని ఉంటుంది. నాకు ఒళ్ళు పులకరించింది.

కానీ ఆ రెండో కోణం 34 అనుకుంటే 209 అడుగులే వస్తుంది. అర డిగ్రీకి 12 అడుగుల తేడా! 1808లో దక్షిణ భారతాన్ని సర్వే చేస్తున్న బ్రిటిష్ అధికారి లాంబ్టన్ అర టన్ను థియోడొలైట్‌ని (కోణాలు కొలిచే పరికరాన్ని) ఇదే విమానం మీదికి తాళ్ళతో ఎందుకు లాగించాడో అప్పుడు అర్థమైంది. కొండల్లేని ఈ కావేరి మైదానంలో దూరం చూడాలంటే గుడి శిఖరాలే ఆధారం, కోణం చూస్తే అతి సూక్ష్మంగా చూడాలి. తాడు తెగి పరికరం గోడకు కొట్టుకుని దెబ్బతింటే, వారాల తరబడి కూర్చుని తనే బాగుచేసుకుని సర్వే కొనసాగించాడు. ఆ పట్టుదలకి దండం పెట్టాలనిపించింది.

గంగైకొండ చోళపురంలోని చోళుల గుడి విమానాన్నీ కొలవాల్సిందేనని అమ్మాయి పట్టుబట్టింది. కుంభకోణంలో బస్సు ఎక్కేముందు, టీచర్లు బోర్డు మీద వాడే పెద్ద కోణమానిని ఒకటి కొనిపెట్టాను.