"మేమే స్వయంగా విన్నాం": పెద్దయ్యాక జ్ఞానస్నానం

యోహాను సువార్త 4వ అధ్యాయంలోని సమరియ స్త్రీ కథ మనలో చాలామందికి తెలుసు. యాకోబు బావి, మిట్టమధ్యాహ్నం, దాహం, ఐదుగురు భర్తల మాట, జీవజలం. ప్రసంగాలు ఎక్కువగా అక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి. నేను మళ్లీ మళ్లీ చదువుకునే వాక్యం ఇంకా కిందికి, 42వ వచనంలో ఉంది. ఊరివాళ్లు ఆమెతో ఇలా అంటారు: "ఇప్పుడు మేము నమ్మేది నీ మాటను బట్టి కాదు. మేమే స్వయంగా విన్నాం. ఈయన నిజంగా లోక రక్షకుడని తెలుసుకున్నాం." పెద్దయ్యాక జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకుని శ్రీసభలోకి, అంటే కతోలిక సంఘంలోకి, వచ్చిన మాలాంటివాళ్ల కోసం బైబిల్లో ఒక్క వాక్యం ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఆమె మాట లేకుంటే ఊరు కదిలేది కాదు. తన కుండను బావి దగ్గరే వదిలేసి ఊళ్లోకి వెళ్లిందని 28వ వచనం చెబుతుంది. మా చిత్తూరు జిల్లాలో ఎండాకాలం నీళ్ల ట్యాంకరు దగ్గర వరుసలో పెట్టిన బిందెను వదిలి వెళ్లే ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. కుండ సంగతే మరిచిపోయేంతగా ఆమెకు ఏం దొరికిందో! ఆ మాట విని చాలామంది నమ్మారు. నమ్మినవాళ్లు అంతటితో ఊరుకోలేదు. ప్రభువు దగ్గరికి వచ్చి తమ దగ్గర ఉండమని బతిమాలారు. ఆయన అక్కడ రెండు రోజులు ఉన్నారు. ఆ రెండు రోజుల్లో ఏం మాట్లాడారో సువార్త ఒక్క ముక్క కూడా చెప్పదు. అది ఆయనకూ ఆ ఊరికీ మధ్య జరిగిన సంగతి.

క్రీస్తు గురించి నాకు మొదట చెప్పింది తిరుపతి హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి. చెప్పింది అనడం కూడా ఎక్కువే. రోజూ రాత్రి లైటు ఆర్పాక చిన్నగా జపమాల చెప్పుకునేది, అడిగితే జవాబిచ్చేది. ఆమెతో ఆదివారం గుడిలో పూజకు (కతోలికుల ఆరాధనకు) వెళ్లడం మొదలైంది. చదువు అయిపోయి ఆమె వెళ్లిపోయింది, నేను మాత్రం పూజకు వెళుతూనే ఉన్నాను. జ్ఞానస్నానం తీసుకోవాలనుందని ఇంట్లో చెప్పిన రోజు నాన్న ఏమీ మాట్లాడలేదు. అమ్మ ఒక్కటే అడిగింది: "ఎవురన్నా చెప్పినారా, నీకే తెలిసిందా?"

అమ్మకు యోహాను సువార్త తెలియదు. అడిగింది మాత్రం సరిగ్గా 42వ వచనమే. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు నాలో తయారు కావడానికే శ్రీసభ ఆ కాలమంతా ఇచ్చిందని ఇప్పుడు అనుకుంటాను.

కతోలిక శ్రీసభ పెద్దవాళ్లకు అడిగిన వెంటనే జ్ఞానస్నానం ఇవ్వదు. ఆదిసంఘపు ప్రాచీన క్రమం ఒకదానిలో, కొత్తగా వచ్చినవాళ్లను మూడేళ్లు వాక్యం విననివ్వాలని ఉంది. శ్రద్ధగా ఉన్నవాళ్ల విషయంలో మాత్రం కాలాన్ని కాకుండా నడవడిని చూడాలని కూడా ఉంది. తర్వాతి శతాబ్దాల్లో ఈ పద్ధతి మరుగున పడింది. ప్రపంచ కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ 1963లో దాన్ని మళ్లీ తెమ్మంది, 1972లో పెద్దల జ్ఞానస్నాన క్రమం వెలువడింది. ఇప్పుడు చాలా విచారణల్లో (ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే స్థానిక సంఘాల్లో) దాదాపు ఏడాది పడుతుంది. మా ఫాదర్ గారిని "ఎందుకింత ఆలస్యం?" అని ఎవరైనా అడిగితే, "వినడానికి" అంటారు.

మొదటి మెట్టు గుడి తలుపు దగ్గరే. "దేవుని శ్రీసభను ఏం కోరుతున్నావు?" అని గురువు (ఫాదర్) అడుగుతారు. "విశ్వాసం" అని జవాబు. "విశ్వాసం నీకు ఏమిస్తుంది?" "నిత్యజీవం." ఆ తర్వాత నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు. అక్కడితో అయిపోదు. చెవుల మీద, కళ్ల మీద, పెదవుల మీద, గుండె మీద, భుజాల మీద కూడా వేస్తారు. చెవుల మీద వేసేటప్పుడు ప్రభువు స్వరం వినాలని చెబుతారు. నాకు బాగా గుర్తుండిపోయింది ఆ చెవుల మీది సిలువే. ఆ రోజు నుంచే మనం క్రీస్తు ఇంటివాళ్లం. జ్ఞానస్నానానికి ముందే ప్రాణం పోయినా శ్రీసభ తన బిడ్డకు చేసినట్టే అంత్యక్రియలు చేస్తుంది.

పెళ్లి కోసం వచ్చేవాళ్లు ఉంటారు. నేను ఇప్పుడు జ్ఞానస్నానానికి సిద్ధమయ్యే అభ్యర్థుల పక్కన కూర్చునే దాన్ని కాబట్టి ఈ సంగతి గట్టిగానే చెబుతాను. కతోలికుల అబ్బాయినో అమ్మాయినో పెళ్లి చేసుకోవడానికి జ్ఞానస్నానం తీసుకుని తీరాలన్న నియమం లేదు. బిషప్ గారి అనుమతితో, ఎవరి మతంలో వాళ్లుండి కూడా గుడిలో పెళ్లి చేసుకోవచ్చు. అత్తగారింటి టెన్షన్ కోసం నీళ్లలో దిగొద్దని నేను అడిగినవాళ్లకల్లా చెబుతాను. విశ్వాసంలోకి ఎవరినీ బలవంతంగా తేకూడదని శ్రీసభ చట్టమే చెబుతోంది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. ఉద్యోగం, పిల్లల చదువు, అన్నీ దీంతో ముడిపడి ఉంటాయి. ఇది తెలిసీ వచ్చేవాళ్లను చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మా తిరుపతి చుట్టుపక్కల లూథరన్ సంఘాల నుంచి, చిత్తూరు వైపు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున నీళ్లతో ఒకసారి జ్ఞానస్నానం అయినవాళ్లకు మళ్లీ ఇవ్వరు. వాళ్లు కతోలిక విశ్వాసాన్ని ఒప్పుకొని భద్రమైన అభ్యంగనం (తైలంతో విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం), దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) తీసుకుంటారు.

పెద్దయ్యాక వచ్చినవాళ్లలో నేను ఎక్కువగా ప్రార్థన చేసుకునేది పునీత దేవసహాయం గారికి. 1712లో ఇప్పటి కన్యాకుమారి జిల్లా నట్టాలంలో పుట్టారు, తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో పని చేశారు. కొళచ్చల్ యుద్ధంలో పట్టుబడి, తర్వాత అదే రాజు సైన్యంలో చేరిన డచ్చి కంపెనీ అధికారి డి లనోయ్ ఆయనకు క్రీస్తును గురించి చెప్పాడు. కష్టాల్లో ఉన్న దేవసహాయానికి యోబు కథ వినిపించాడంటారు. తన మాటతో సరిపెట్టకుండా వడక్కన్‌కుళంలో ఉన్న జెసూట్ (యేసుసభ) గురువు దగ్గరికి పంపాడు. 1745లో అక్కడ జ్ఞానస్నానం. అన్ని కులాలవాళ్లతో కలిసి తిరిగినందుకు, విశ్వాసం వదలనందుకు చెరలో పెట్టారు, హింసించారు. 1752 జనవరి 14న కాల్చి చంపారు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. మనకు ఇంట్లో సంక్రాంతి సందడి ఉండే రోజుల్లోనే ఆయన పండుగ వస్తుంది. ఆ చెరసాలలో ఏళ్లు గడిపిన మనిషిని డి లనోయ్ మాట ఒక్కటే నిలబెట్టి ఉండదని నా గట్టి నమ్మకం.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం మూడో ఆదివారం, అభ్యర్థులున్న గుడిలో ఈ సమరియ స్త్రీ సువార్తనే చదువుతారు. నాలుగో ఆదివారం పుట్టు గుడ్డివాడు, ఐదో ఆదివారం లాజరు. ఆ మూడు వారాలూ అభ్యర్థులు అందరి ముందు మోకరిస్తారు, గుడి మొత్తం వాళ్ల కోసం మౌనంగా ప్రార్థిస్తుంది, గురువు వాళ్ల మీద చేతులుంచుతారు.

ఇక పవిత్ర శనివారం, అంటే ఈస్టర్ ముందు రోజు, రాత్రి. గుడిలో లైట్లన్నీ ఆర్పేసి బయట కొత్త అగ్ని వెలిగిస్తారు. పాస్కా (ఈస్టర్) కొవ్వొత్తి మీద ఆ ఏడాది అంకెలు చెక్కి, దాన్ని ముందు పెట్టుకుని చీకట్లోకి నడుస్తాం. పాత నిబంధన నుంచి ఏడు పఠనాలుంటాయి, ఎన్ని తగ్గించినా ఎర్రసముద్రం దాటిన ఘట్టం మాత్రం వదలకూడదు. పునీతుల ప్రార్థన అయ్యాక నీళ్లను ఆశీర్వదిస్తారు. అప్పుడు సైతానును విడిచిపెడతావా, తండ్రిని, కుమారుని, పవిత్రాత్మను విశ్వసిస్తావా అని ఒక్కొక్కటే అడుగుతారు. పసిబిడ్డకైతే తల్లిదండ్రులు జవాబిస్తారు. పెద్దవాళ్లకు బదులు ఎవరూ ఇవ్వరు. జ్ఞానతల్లి (విశ్వాసంలో తోడుండే ఆమె) పక్కనే నిలబడి ఉంటుంది, అయినా "విశ్వసిస్తున్నాను" అనే మాట మన నోటి నుంచే రావాలి. అమ్మ అడిగిన ప్రశ్నకు నా జవాబు ఆ రాత్రే వచ్చింది. తర్వాత మూడుసార్లు నీళ్లు, తెల్లని వస్త్రం, పాస్కా జ్యోతి నుంచి వెలిగించిన కొవ్వొత్తి, నుదుటి మీద క్రిస్మా అనే పవిత్ర తైలం, మొదటి సత్ప్రసాదం, అన్నీ ఒకే రాత్రి.

అమ్మ ఇప్పటికీ పెరటాసి (తమిళ నెల) శనివారాల్లో వెంకటేశ్వరస్వామికి తళిగ (నైవేద్యం) వేస్తుంది. దేవుడి ముందు ఉపవాసంతో, శుచిగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎలా నిలబడాలో నేను మొదట నేర్చుకున్నది ఆమెను చూసే. ఇతర మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది దేన్నీ శ్రీసభ తోసిపుచ్చదని 1965లో రెండవ వాటికన్ మహాసభే చెప్పింది. మనదైన విశ్వాసాన్ని గట్టిగా పట్టుకోవడానికి కన్నవాళ్ల భక్తిని చులకన చేయాల్సిన పని లేదు. కొత్తగా వచ్చినవాళ్లు కొందరు ఉత్సాహంలో అలా మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది.

ఈస్టర్ నుంచి పెంతెకోస్తు వరకు 50 రోజులు కొత్తవాళ్ల కాలం. అందుకున్న వాటిని నెమ్మదిగా అర్థం చేసుకునే రోజులవి. మీ విచారణలో ఈసారి ఎవరైనా పెద్దవాళ్లు జ్ఞానస్నానం తీసుకుంటే ఆ ఆదివారాల్లో వాళ్లను మీ పక్కన కూర్చోబెట్టుకోండి. పూజ పుస్తకంలో ఏ పేజీయో చూపించండి. ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్లయితే పండుగ భోజనానికి పిలవండి. ఎలా వచ్చారని అడగండి, వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.