ఏసీ వెనక కాపురం

పొద్దున గుడి మైకులో పాశురాలు మొదలవకముందే పావురం మొదలెట్టింది. మా పడకగది కిటికీ అవతల ఏసీ డబ్బాకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంది. అక్కణ్ణుంచి గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు ఒకటే గుర్రు గుర్రు. వారం రోజులుగా ఇదే వరస. రాత్రి రెండింటిదాకా మేలుకుని ఉన్నాను కదా, ఆదివారమైనా ఎనిమిదింటిదాకా పడుకుందామనుకుంటే ఆరున్నరకే లేపేసింది.

నన్ను రెండింటిదాకా మేలుకోబెట్టింది కూడా పావురాలే. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని డైరీలో రాసుకుంటున్నాను.

హాతోఫుల్ బాయ్‌ఫ్రెండ్ అని ఒక విజువల్ నావెల్. కంప్యూటర్లో ఆడే కథ, అంటే తెర మీద బొమ్మ, కింద మాటలు, మనం నొక్కుతూ చదువుకుంటూ పోవడం, మధ్యలో ‘ఇలా చేస్తావా, అలా చేస్తావా’ అని అడిగితే ఒకటి ఎంచుకోవడం. ప్రేమకథ. హీరోయిన్ ఒక మనిషి పిల్ల, ఊరవతల గుహలో కాపురం. చదివేది పావురాల బళ్ళో. ఆ బళ్ళో ఆ పిల్ల తప్ప అందరూ పక్షులే, ప్రేమించాల్సింది కూడా వాళ్ళనే. మనకి నలుడి కథలో హంస రాయబారం మోసి తన పని తను చూసుకుపోతుంది. ఇక్కడ పక్షే పెళ్ళికొడుకు.

హాతో మోవా అనే జపాన్ కార్టూనిస్టు 2011లో ఏప్రిల్ ఫూల్ జోకుగా మొదలెట్టిన ఆట ఇది. జపాన్ భాషలో హాతో అంటే పావురం, హార్ట్‌ఫుల్ అన్న మాటను వాళ్ళు పలికే తీరు కూడా దాదాపు అలాగే ఉంటుంది, అదీ పేరులోని చమత్కారం. జోకు కాస్తా నిలబడింది. అదే ఏడాది డిసెంబరులో రెండో భాగం కూడా వచ్చేసింది, హాలిడే స్టార్ అని. తర్వాత మీడియాటానిక్ అనే ఆటల కంపెనీ వాళ్ళు రెండింటికీ కొత్త బొమ్మలూ రంగులూ అద్ది, మొదటిది 2014లో, రెండోది 2015 డిసెంబరులో ఇంగ్లీషులో తెచ్చారు. నేను మొదటిది పోయిన వేసవిలో ఆడాను, రెండోది నిన్న రాత్రి పూర్తి చేశాను. మా తమ్ముడు రెండూ ఎప్పుడో ఆడి, రెండోదాన్ని తిట్టి పక్కన పెట్టేశాడు. పిన్ని కూతురు బీటెక్ చదువుతోంది, దానికి మాత్రం రెండోదంటేనే ప్రాణం. ఇద్దరి మధ్యా నేను.

సరే, పొద్దున సంగతి. పదకొండింటికి వల వేసే అబ్బాయి వస్తానన్నాడు. బాల్కనీకీ ఏసీ వైపు సందుకీ కలిపి నైలాన్ వల బిగించాలని బేరం. ఐదు వందలు అడ్వాన్సు ఇచ్చేశాను. అతను వచ్చేలోగా ఓసారి చూద్దామని స్టూలెక్కి ఫోన్ టార్చి వేశాను. గూడు అంటే గిజిగాడి గూడులా ఏదో ఊహించుకోకండి. నాలుగు చీపురు పుల్లలు, ఒక వైరు ముక్క, మా బట్టల క్లిప్పులోంచి ఊడిన స్ప్రింగు, అంతే. దాని మీద పావురం. నన్ను చూసి కదల్లేదు. తల పక్కకి తిప్పి ఒక్క కంటితో చూసింది. ఎర్రటి కన్ను, మధ్యలో నల్ల చుక్క, మెడ మీద ఆకుపచ్చా ఊదా కలిసిన మెరుపు. ఆ చూపు ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో ఏమిటి, రాత్రంతా చూసింది అదే! ఆటలో పక్షులకి కార్టూన్ బొమ్మలుండవు, నిజం ఫోటోలే పెట్టారు. వాళ్ళని మొదటిసారి కలిసినప్పుడు మాత్రం ‘మనిషైతే ఇలా ఉండేవాడు’ అని ఒక అందగాడి బొమ్మ కావాలంటే చూపిస్తుంది. ఆ తర్వాత పావురం ఫోటోయే. ఎంత గాఢమైన మాట చెప్పినా అదే ముఖం, అదే కన్ను. అయినా రెండు గంటలు గడిచేసరికి ఆ కంట్లోనే కోపం, సిగ్గు, దిగులు అన్నీ మనకి కనిపించడం మొదలవుతుంది. ఎలా కనిపిస్తాయో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

పావురం కాస్త జరిగింది. కింద రెండు గుడ్లు.

“అమ్మా, గుడ్లు పెట్టిందే” అని అరిచాను. అమ్మ ముగ్గు చేతులతోనే వచ్చింది. “దిగు, దిగు. ముట్టుకోకు” అంది. సంక్రాంతి నెల పట్టినప్పటి నుంచీ అమ్మ ఇక్కడే ఉంది, రోజూ పొద్దున్నే ఫ్లాటు గుమ్మం ముందు ఉన్న రెండు అడుగుల జాగాలోనే ముగ్గు వేస్తుంది. పావురాలంటే అమ్మకి పరమ చిరాకు. పొద్దున్న లేచి బాల్కనీ కడగాల్సింది ఆవిడే కదా. అయినా గుడ్లు అనేసరికి గొంతు మారిపోయింది.

కుర్రాడు పదకొండున్నరకి వచ్చాడు. నిచ్చెన, డ్రిల్లు, వల చుట్ట. పైకెక్కి చూసి, “గుడ్లున్నయ్ మేడమ్. ఫికర్ లేదు, తీసి పడేస్త, అందరూ అట్లనే చేపించుకుంటరు” అన్నాడు. అమ్మ, “అమ్మో, వద్దు నాయనా! పిల్లలు గలవాళ్ళం” అంది. అతను నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. మొత్తానికి, తర్వాత ఫోన్ చేస్తాం అని పంపేశాం. అడ్వాన్సు సంగతి అతనూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మధ్యాహ్నం పప్పుచారు తిని పడుకుని, నిద్ర పట్టక రెండో భాగం గురించే ఆలోచించాను. తమ్ముడి గొడవ ఒకటే: “ప్రేమ ఆట అన్నారు, ప్రేమేదక్కా?” మాట నిజమే. మొదటి దాంట్లో లెక్కలు, ఆటలు, సంగీతం అంటూ ఏ క్లాసుకి వెళ్ళాలో మనమే ఎంచుకోవాలి, దాన్ని బట్టి ఎవరికి దగ్గరవుతామో తేలుతుంది. చిన్నప్పటి నేస్తం ర్యోతా, లైబ్రరీలో ఎప్పుడూ ఒంటరిగా చదువుకునే నగేకి, ఫ్రాన్సు రక్తం ఉందని విర్రవీగే సకుయా. ఎవరినీ ఎంచుకోకపోయినా, పొరపాటు చేసినా ఆఖరికి చచ్చిపోతాం. రెండోదాంట్లో అదేం లేదు. క్రిస్మస్ చెట్లని ఎవరో ఎత్తుకుపోతున్నారు, పట్టుకుందాం పదండి అని మొదలవుతుంది. అక్కడక్కడా తప్పు దారి ఎంచుకుంటే దెబ్బ తింటాం తప్ప, ‘ఇతన్ని ప్రేమిస్తాను’ అని నొక్కే చోటంటూ లేదు. చదువుతూ పోవడమే. ప్రేమకథ అని డబ్బులు పెట్టి కొన్నవాడికి ఒళ్ళు మండదూ మరి?

పైగా మొదటి భాగం ఆడకుండా నేరుగా దీంట్లోకి దిగితే ఒక్క జోకూ అందదు. ఎవరిదో పెళ్ళి ఆల్బమ్ చేతికిచ్చి, ఇదుగో మా పెదనాన్న, ఇదుగో మా పెదనాన్న వియ్యంకుడు అని చూపిస్తుంటే మనం ఎంతసేపు నవ్వు ముఖం పెట్టగలం? మధ్యలో సాగతీత కూడా ఉంది. పేరులో స్టార్ ఉందే, ఆ నక్షత్రం కథలో ఒక అరగంట నేను కేవలం స్పేస్ బార్ నొక్కుతూ కూర్చున్నాను, ఒక కంట్లో నిద్ర, ఇంకో కంట్లో పావురం.

అయినా నాకు నచ్చింది. మొదటి దాంట్లో నన్ను ఒక సంగతి లోపల్లోపల బాధపెట్టింది. ఒకడిని ఎంచుకుంటే మిగతావాళ్ళు మాయమైపోతారు. ర్యోతా వాళ్ళమ్మకి ఒంట్లో బాగుండదు, పాపం వాడు చదువుతో పాటు పనికీ పోతుంటాడు. వాడి కథ చూసి కళ్ళు తుడుచుకుని, మర్నాడు సకుయా దారి పట్టామనుకోండి, ర్యోతా ఏదో క్లాసులో పక్క బెంచీ వాడైపోతాడు. అలా ఒక్కొక్కరినీ ప్రేమించి, ఒక్కొక్కరినీ వదిలేసి, అన్ని దారులూ తిరిగొచ్చాక చివర్న ఒక తలుపు తెరుచుకుంటుంది. నవ్వులాట కాస్తా హత్య కేసైపోతుంది. అంతకంటే చెప్పను, ఆడేవాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోవడం పాపం. ఆ దెబ్బ తిన్నవాళ్ళకి రెండో భాగం ఎలా ఉంటుందంటే, సంక్రాంతికి ఊళ్ళో అందరూ ఒక్క ఇంట్లో చేరినట్టు. ఎవరినీ ఎంచుకోనక్కర్లేదు. అందరూ ఒకే గదిలో ఉన్నారు, అందరూ అరుస్తున్నారు, ఒకడు పుడ్డింగు కావాలంటాడు. ఆ ఒకడు ఓకో సాన్, లక్కా పావురం, నోరు విప్పితే కువకువ తప్ప మాట రాదు, పుడ్డింగు కోసం ప్రాణమిస్తాడు. ఆటలో నాకు అర్థమైనంతలో అందరికంటే నికార్సైన మనిషి వాడే.

నాకు తీరని కోరిక ఒకటి, ఇది తెలుగులో రావాలి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. సకుయా ఎంత పొగరుగా మాట్లాడినా ఆ ‘యూ’లో సగం పొగరు ఆవిరైపోతుంది. తెలుగులో అయితే సకుయా జమీందారు బిడ్డ, “ఏయ్ మనిషీ, ఇటు రా” అంటాడు, ఎంత ప్రేమ ముదిరినా ఆ ఏయ్ వదలడు. ర్యోతా “ఏంటే, తిన్నావా?” అంటాడు. నగేకి “మీరు” అంటాడు, ఆఖరి దాకా మీరే, మనం “నువ్వు” అనమన్నా అనడు. లెక్కల మాస్టారు నానాకి ఒక కౌజు పిట్ట, పాఠం చెబుతూ చెబుతూనే నిద్రపోతారు. ఆయన “ఆఁ... ఎంతవరకూ వచ్చాం నాన్నా?” అనాలి. (మన దాబాల్లో ఆ మాస్టార్ని వేపుడు చేసి వడ్డిస్తారన్న సంగతి గుర్తొచ్చి, ఆయన కనబడినప్పుడల్లా నాకు అదోలా ఉండేది.) బడి డాక్టరు ఇవామినె మాత్రం తిత్తిరి పిట్ట, ఆయన గదిలోకి వెళ్ళిన పిల్లలు తిరిగి రారని బళ్ళో వదంతి. ఆయన గొంతు తగ్గించి, తీయగా, “ఏమ్మా, ఎక్కడ నొప్పి?” అంటే చాలు, ఇంకే భయంకరమైన సంగీతమూ అక్కర్లేదు.

సాయంత్రం వీడియో కాల్. తమ్ముడు బెంగుళూరు నుంచి, చెల్లి హాస్టలు నుంచి. పూర్తి చేశానని చెప్పగానే తమ్ముడు, “చెప్పు, డబ్బులు దండగా కాదా?” అన్నాడు. చెల్లి, “అక్కా, ఆ నక్షత్రం దగ్గర ఏడ్చావా లేదా?” అంది. ఏడవలేదని చెప్పాను. అది నొచ్చుకుంది. నిజానికి అక్కడికొచ్చేసరికి నవ్వు పల్చబడి దిగులు చేరుతుంది, గొంతు కాస్త పట్టేసిన మాట వాస్తవం, కానీ రాత్రి రెండింటికి గొంతు పట్టేయడానికి ఆటే కారణమో, డిసెంబరు చలే కారణమో ఎలా చెప్పను?

తమ్ముడు వదల్లేదు. “హోటల్‌కెళ్ళి బిర్యానీ అడిగితే, మా ఓనరు గారి కుటుంబం చాలా మంచిది, కూర్చోండి పరిచయం చేస్తాను అన్నట్టుందక్కా.”

చెల్లి వెంటనే, “నీకు బిర్యానీ కావాలంటే మొదటిది మళ్ళీ ఆడుకో అన్నయ్యా. ఇది పండగ భోజనం అయ్యాక అరుగు మీద కూర్చోవడం. అక్కడ మెనూ కార్డు అడుగుతావేంటి?” అంది.

నేను చెల్లి వైపే. కాకపోతే పెట్టె మీద ముందే రాసి ఉండాల్సింది, ‘అరుగు మాత్రమే, బిర్యానీ లేదు’ అని. తమ్ముడికి అంతవరకు ఒప్పుకున్నాను. వాడు దాన్ని గెలుపు కింద రాసుకుని ఫోన్ పెట్టేశాడు.

అమ్మ వెనక నుంచి అంతా వింటోంది. “ఏమిటే ఆ పావురాల గోల, ఫోన్లో కూడా?” అంది. ఆట గురించి చెప్పాను. హీరోయిన్ మనిషి, పెళ్ళికొడుకులు పావురాలు అని. అమ్మ ఓ నిమిషం ఆలోచించి, “మరి వాళ్ళలో ఉద్యోగం ఉన్నవాడెవడు?” అంది. నానాకి మాస్టారు, ఇవామినె డాక్టరు. డాక్టరు అనగానే అమ్మ ముఖం వెలిగింది. ఆయన సంగతి చెప్పాలనుకుని ఊరుకున్నాను.

పడుకోబోయే ముందు మళ్ళీ టార్చి వేశాను. పావురం అలాగే ఉంది, ఈసారి కన్ను కూడా తిప్పలేదు. పొద్దున నేను చూసింది ఇది కాకపోవచ్చు. పగలు పది దాటాక మగది వచ్చి కూర్చుంటుంది, సాయంత్రం ఆడదానికి అప్పగించి పోతుంది, రాత్రంతా ఆడదే. పద్దెనిమిది రోజులు ఈ వంతులు. అమ్మకి ఇది చెబితే, “మీ నాన్న ఎప్పుడైనా అలా కూర్చున్నారా?” అని మొదలుపెట్టింది, అదొక అరగంట.

“అయితే సంక్రాంతికి వెళ్ళిపోతాయా?” అంది చివరికి.

“గుడ్లు అప్పటికి పిల్లలవుతాయేమో. పిల్లలకి రెక్కలొచ్చి ఎగరాలంటే ఇంకో నెల. ఫిబ్రవరి అనుకో.”

“ఫిబ్రవరా! అప్పటిదాకా ఈ రొచ్చంతా ఎవరు కడుగుతారు?”

నేనేం మాట్లాడలేదు. లైటు తీసేశాను. చీకట్లో కాసేపాగి అమ్మ గొంతు మళ్ళీ వినిపించింది.

“మరి ఆ అబ్బాయికిచ్చిన ఐదొందలో?”