నేలను తాకిన పళ్లెం

2010 జూన్‌లో బడి తెరిచిన వారం మన డ్రిల్లు మాస్టారు చెన్నై నుంచి ఒక తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం తెచ్చారు. అక్కడి సముద్రతీరంలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి దానితో ఆడుతుంటే చూశారట. అప్పటిదాకా మనం విసిరిన ఎగిరే పళ్లెం అంటే పెయింటు డబ్బా మూతే. పది అడుగులు పోయి పక్కకు ఒరిగి పడేది. ఇది 175 గ్రాముల బరువుతో, జానెడు కన్నా కాస్త ఎక్కువ వెడల్పుతో, అంచు దళసరిగా ఉండేది. మణికట్టు విదిలించి వదిలితే బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ, ఒరగకుండా సాగిపోయేది. మొదటిసారి అది వేపచెట్టు దాటి సైకిలు స్టాండు దాకా వెళ్లినప్పుడు మా తరగతి మొత్తం నోరు తెరుచుకుని చూసింది.

పళ్లెం ఒకటి, పిల్లలం నలభై మంది. అందుకని మాస్టారు ముందు అందరికీ చేయి తగిలే ఆటలు పెట్టారు. గుండ్రంగా నిలబడి విసురుకుంటుంటే మధ్యలో ఇద్దరు దొంగలు అందుకోవాలి. పళ్లెం దొంగ చేతికి చిక్కితే విసిరినవాడు లోపలికి. వేపకొమ్మకు కట్టిన పాత సైకిలు టైరులోంచి పళ్లెం దూర్చడం మరొకటి. నాకు అన్నిటికన్నా నచ్చింది జెండా దిమ్మె నుంచి బోరింగు దాకా, అక్కడి నుంచి గేటు దాకా తక్కువ విసుర్లలో చేర్చే ఆట. సాయంత్రం నాలుగింటికి సముద్రపు గాలి మొదలయ్యేది. గాలికి ఎదురు విసిరితే పళ్లెం పైకి లేచేది, గాలివాటున విసిరితే తొందరగా దిగిపోయేది. గాలిని చూడడం అలా నేర్చుకున్నాం. ఆడపిల్లలు మాకన్నా ముందే పట్టు సాధించారు. ఏళ్ల తరబడి టెన్నికాయిట్ రింగు విసిరిన మణికట్లు వాళ్లవి.

ఆ తర్వాతే అసలు ఆట, అల్టిమేట్. జట్టుకు ఏడుగురు. పళ్లెం చేతిలో ఉన్నవాళ్లు పరుగెత్తకూడదు, పది లెక్కపెట్టేలోగా మరొకరికి విసరాలి. నేలను తాకితే అవతలి జట్టుకు ఇచ్చేయాలి. చివరి గీత దాటి లోపల అందుకుంటే పాయింటు. 1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మేపుల్‌వుడ్‌లో హైస్కూలు విద్యార్థులు పుట్టించిన ఆట ఇది. బడి వాహనాలు నిలిపే స్థలంలో ఆడేవారట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఈ పళ్లేనికి ఫ్రిస్బీ అన్న పేరు అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్టులో ఉన్న ఒక బేకరీ పేరు నుంచి వచ్చిందనీ, ఆ బేకరీ ఖాళీ రేకులను అక్కడి పిల్లలు విసురుకునేవారనీ చదివినప్పుడు మన డబ్బా మూతలే గుర్తొచ్చాయి.

ఈ ఆటలో రెఫరీ ఉండడని మాస్టారు చెప్పినప్పుడు మేం నమ్మలేదు. ప్రపంచ పోటీల్లోనూ అంతే, తప్పు జరిగితే ఆటగాళ్లే చెప్పుకోవాలి. ఏడు పెంకులాటలో, కబడ్డీలో "తొండి! తొండి!" అని గొంతు చించుకుని పెరిగినవాళ్లం కదా. మాస్టారు ఈల తీసి జేబులో పెట్టుకుని జెండా దిమ్మె మీద కూర్చున్నారు.

జనవరిలో తొమ్మిదో తరగతికీ మా పదో తరగతికీ పోటీ జరిగింది. ఏడు పాయింట్ల ఆట. ఆరు ఆరు దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మా చివరి గీత దగ్గర గాలిలోకి ఎగిరి పళ్లెం అందుకుంది. ఆమెను అడ్డుకోబోయి నేను బోర్లా పడ్డాను, ఏమీ చూడలేదు. వాళ్ల తరగతి మొత్తం మైదానంలోకి దూకింది. ఆమె మాత్రం కిందికి చూసుకుంది. "అన్నా, నా కాలు సున్నపు గీత మీద ఉంది. ఇది పాయింటు కాదు" అంది. ఆట మళ్లీ మొదలైంది. నేను లేచి లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆమె విసిరిన పళ్లెం గాలికి లేచి మావాడి చేతికి చిక్కింది. రెండు విసుర్లలో మేం గెలిచాం. ఆమె వచ్చి మా అందరితో చేతులు కలిపింది. నాతో కూడా.

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. అదే ఆటలో మా నాలుగో పాయింటు నేను చేసింది. గడ్డిలోకి దూకి అందుకున్నాను. నా వేళ్లకన్నా ముందు పళ్లెం నేలను తాకింది. దుమ్ములో ఎవరూ చూడలేదు. నేను పళ్లెం పైకెత్తి చూపించాను, మావాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆమె తన కాలి వైపు చూసుకున్నప్పుడు, ఆమెతో చేతులు కలిపినప్పుడు, మాస్టారు నల్లబల్ల మీద 7–6 అని రాసినప్పుడు చెప్పే అవకాశం వచ్చింది. మూడుసార్లూ చెప్పలేదు.

మన బడి సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు గుర్తొచ్చింది ఇదే. మాస్టారూ, ఆ స్కోరు సరిచేయండి. తొమ్మిదో తరగతి చెల్లెమ్మా, నువ్వు ఎక్కడ ఉన్నా ఇది చదివితే తెలుసుకో: ఆ నాలుగో పాయింటు మాది కాదు. పళ్లెం నేలను తాకింది.