బరంపురంలో నాలుగు కాపురాల పాత ఇల్లు కొన్నాం: పట్టాలో పేరు దగ్గర పడ్డ పాట్లు

కొత్త పట్టా చేతికొచ్చింది. ఒడిశాలోని బరంపురంలో, పెద్ద బజారు వైపు ఒక పాత వీధిలో నాలుగు కాపురాలున్న మేడ ఇల్లు మా ఆవిడ పేరు మీదికి మారింది. ఈ ఊళ్లో పాత ఇళ్ల కోసం చూస్తున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని ఇప్పుడే రాస్తున్నాను.

ఇల్లు చూసుకోవడం తేలికైన పనే. ముఖం 18 అడుగులు, లోతు 121 అడుగులు. అరుగు, వసారా, పొడుగాటి నడవ, మధ్యలో మండువా, వెనక బావి. రెండు పక్కలా గోడలు ఉమ్మడివి. మేడ కప్పు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసింది. ఇలాంటి కప్పులో దూలం మధ్యలో బాగానే కనిపిస్తుంది, గోడలోకి దూరిన కొస దగ్గర కుళ్లుతుంది. అక్కడ స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. అంగుళం సులువుగా దిగితే ఆ దూలం పోయినట్టే. 2013 ఫైలిన్ తుపాను తరవాత చాలామంది సున్నపు గోడల మీద సిమెంటు పూత వేయించారు. ఆ పూత వెనక తడి నిలిచి, ఉప్పు పొంగి, గోడ పొరలు పొరలుగా రాలుతుంది. రంగు కొత్తగా ఉన్న గోడనే ముందు తట్టి చూడాలి.

కొలతలో ఒక్క మాట. పట్టాలో విస్తీర్ణం ఎకరాల్లో ఉంటుంది. మాది 0.050, అంటే 5 డెసిమళ్లు, 2178 చదరపు అడుగులు, 242 గజాలు. మన సెంటూ ఇక్కడి డెసిమలూ ఒకటే. గుంట మాత్రం ఒకటి కాదు. ఒడిశా గుంట 4 డెసిమళ్లు, తెలంగాణ గుంట రెండున్నర. బ్రోకరు గుంటల్లో ధర చెబితే డెసిమళ్లలోకి మార్చి చెప్పమనండి. అమీనుతో, అంటే భూమి కొలిచే సర్వేయరుతో, కొలిపించేటప్పుడు పక్కింటివాళ్లను పిలిచి, ఉమ్మడి గోడ మధ్యగీతను వాళ్ల ఎదుటే గుర్తుపెట్టించండి.

ఇక పేర్ల సంగతి. నన్ను ఏడిపించిందల్లా ఇదే.

ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖతియాన్ (హక్కుదారుల రికార్డు) తీస్తే అమ్మేవాళ్ల తాతగారి పేరే ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. పట్టాలో పేరు లేనివాడు అమ్మబోతే రిజిస్ట్రేషన్ దగ్గర అడ్డం పడుతుంది. ముందు వారసుల పేర్లు ఎక్కించుకు రమ్మంటారు. సరే, వారసత్వ సర్టిఫికెట్ తెచ్చి మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, పెట్టడమే కదా అనుకున్నారు వాళ్లు. తాతగారు ఏ కాగితంలో ఏ పేరుతో ఉన్నాడో చూస్తే గాని అసలు చిక్కు బయటపడలేదు.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పేరు తరవాత రాస్తాం. సెటిల్‌మెంటులో, అంటే సర్కారు భూముల సర్వేలో, రాసినాయన ఇంటిపేరు వదిలేసి, కులం పేరు తెచ్చి చివర తగిలించాడు. 'వ' కాస్తా ఒడియాలో 'బ' అయింది, వెంకటస్వామి బెంకటస్వామి అయ్యాడు. మరణ ధ్రువపత్రంలో పొడి అక్షరాలు ముందున్న ఇంగ్లిషు పేరు. హోల్డింగ్ పన్ను (మునిసిపాలిటీ ఇంటిపన్ను) రసీదులో వాడుక పేరు. కొడుకుల ఆధార్ కార్డుల్లో తండ్రి పేరు ఇంకో తీరు. కౌంటర్లో గుమస్తా కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, "వీళ్లు నలుగురు మనుషులు, ఇందులో మీ తాత ఎవరు?" అని అందరూ వినేలా అడిగాడు. ఆ తాతగారి కొడుకు, డెబ్బై దాటిన పెద్దాయన, పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉన్నవాడు, తన తండ్రి ఎవరో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. "మీ ఆంధ్రావాళ్లు పేర్లు మారుస్తుంటారు" అని పైగా ఒక మాట. ఈ ఊరున్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఈ కుటుంబాలు ఎక్కడినించో వచ్చినవి కావు, ఇక్కడివే. ఆ మాట నేను అక్కడే, ఒడియాలోనే, గట్టిగా చెప్పాను. చెప్పినందుకు ఈరోజుకీ సంతోషంగానే ఉంది.

దారి దొరికింది ఇలా. ఖతియాన్‌లో ఏ అక్షరాలున్నాయో అవే అసలు పేరుగా పెట్టుకోవాలి. మిగతావన్నీ దానికి అలియాస్‌లు, అంటే మారుపేర్లు. "ఇవన్నీ ఒక్క మనిషి పేర్లే" అని వారసులంతా కలిసి అఫిడవిట్ ఇవ్వాలి. ఉత్త అఫిడవిట్‌కు విలువ తక్కువ. రెండు పేర్లూ కలిసే కాగితం ఒక్కటైనా జత కావాలి. మాకు పాత లింకు డీడు, అంటే ఈ ఇంటి వెనకటి దస్తావేజు, కలిసొచ్చింది. 1936కు ముందుది, తెలుగులో ఉంది. అందులో ఇంటిపేరుంది, తండ్రి పేరుంది, నాలుగు హద్దులూ ఉన్నాయి. దాన్ని చదవగలిగినవాళ్లు అక్కడ లేరు, కాబట్టి వకీలుతో ఒడియాలోకి తర్జుమా చేయించి, ప్రమాణపత్రంతో పెట్టాం. ఆ హద్దుల్ని సాబిక్ (పాత సర్వే) ప్లాటుతో, సాబిక్‌ను హాల్ (ఇప్పటి సర్వే) ప్లాటుతో కలిపి చూపించాకే ఫైలు కదిలింది. పాత తెలుగు దస్తావేజు ఇంట్లో ఉంటే చెదలకు వదలకండి, వకీలుకు ఒరిజినల్ ఇవ్వకండి. అమ్మకం డీడులో కూడా ప్రతి అలియాస్‌నూ రాయించాలి. డీడ్ రైటర్లు అక్కర్లేదంటారు. వాళ్ల మాట వినొద్దు, రేపు తిరగాల్సింది వాళ్లు కాదు.

నా గట్టి సలహా ఒకటే. ఈ పేర్ల పనంతా అమ్మేవాళ్ల ఖర్చుతో, పెద్ద అడ్వాన్సు ఇవ్వకముందే పూర్తికావాలి. అగ్రిమెంటులో ఆ షరతు రాయించుకోండి.

ఆడపిల్లల సంతకాలు ఇంకో మెట్టు. "పెళ్లిచేసి పంపేశాం, వాళ్లకేం సంబంధం" అని ఇప్పటికీ అంటున్నారు. వీలునామా రాయకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 చట్టంలోనే ఉంది. పిత్రార్జితంలోనూ ఉందని 2005 సవరణ చెప్పింది, దాన్ని 2020లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆడపడుచుల చేత ఊరికే సంతకం పెట్టించుకుని, పసుపు కుంకుమకని ఓ చీర చేతిలో పెట్టడం అన్యాయం. వాళ్ల వాటా సొమ్ము వాళ్ల ఖాతాల్లోకే వేస్తానని నేను ముందే చెప్పాను, అలాగే వేశాను. శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉన్న అక్కచెల్లెళ్లు రాలేకపోతే వాళ్లుండే చోటి సబ్‌రిజిస్ట్రార్ దగ్గరే పవరాఫటార్నీ చేయించాలి. నోటరీ ముద్ర ఒక్కటే ఉంటే డీడు దాఖలు చేయడానికి చెల్లదు. ఒక్క వాటాదారు తప్పిపోయినా మీరు కొన్నది విడదీయని వాటాయే. 1893 పార్టిషన్ చట్టం సెక్షన్ 4 ప్రకారం, మీరు పంపకానికి కోర్టుకెళితే ఆ ఇంటివాళ్లు మీ వాటాను తిరిగి కొనుక్కోవచ్చు.

అద్దెవాళ్లు అమ్మకంతో ఖాళీ అయిపోరు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 109 కింద మీరే వాళ్లకు కొత్త యజమాని. ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఏ గది, ఎంత అద్దె, బావి మీదా దొడ్డిదారి మీదా ఎవరికి హక్కు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మేవాళ్లతోనూ అద్దెవాళ్లతోనూ సంతకం చేయించి, అడ్వాన్సుల మొత్తాన్ని ధరలో తగ్గించుకోండి. మేడ మీద ఉన్న మామ్మగారు తన అడ్వాన్సు సంగతి అడిగితే అమ్మేవాళ్లు మొదట గుర్తులేదన్నారు. ఆవిడ ట్రంకుపెట్టెలోంచి రసీదు తీసి చూపించారు.

రిజిస్ట్రేషన్ ఒక్క పూటలో అయిపోయింది. ఆడవాళ్ల పేరు మీదైతే స్టాంపు డ్యూటీ 4 శాతం, మగవాళ్లకు 5. ఫీజు 2 శాతం అదనం. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల ఆదాయపు పన్ను కింద) మీరే పట్టుకుని కట్టాలి. నగదు ₹20,000, ఆపైన ముట్టుకోవద్దు.

కొత్త పట్టా రాగానే పేరు, భర్త పేరు, ప్లాటు, కిసం (భూమి రకం) గళ్లు చదివించుకోండి. కిసం ఘరబారి, అంటే ఇంటిస్థలం, అని ఉండాలి. ఆ తరవాత హోల్డింగ్ పేరు మార్పు, కరెంటు మీటర్లు. పాత బకాయి లేదన్న రసీదు మీటరు మీటరుకూ తీసుకోవాలి, నాలుగు కాపురాలంటే నాలుగు మీటర్లు. మాకు మూడింటికి వచ్చాయి, నాలుగోది అమ్మేవాళ్ల చిన్నతమ్ముడి దగ్గరుంది.