శివలింగ్ శిఖరం వయసెంత?

గంగోత్రి దాకా వెళ్ళి అక్కణ్ణించి గోముఖ్, తపోవనం నడిచినవాళ్ళు తెగ ఫోటోలు తీసుకునే శివలింగ్ శిఖరం, 6543 మీటర్లు, అది కూడా మన హైదరాబాద్ బండల్లాగే గ్రానైటే. కానీ ఆ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి, ఇదేమో సుమారు 2.3 కోట్ల ఏళ్ళదే! ఎదురుగా భగీరథి-3 చూడండి, కింద తెల్లటి గ్రానైట్ గోడ, పైన నల్లటి పలకరాయి, ఆ నల్లదే ముందు నుంచీ ఉంది, తెల్లది తర్వాత కరిగి దాని కిందకి చొరబడింది.

ఎక్కణ్ణించి చొరబడింది అంటే, ఇండియా వెళ్ళి ఆసియాని గుద్దుకున్నాక భూమి పొర మందమైపోయి, ఎప్పుడో సముద్రంలో పేరుకున్న బురద లోతుకి కూరుకుపోయి ఉడికింది, మళ్ళీ పైకి లేస్తుంటే ఒత్తిడి తగ్గి అందులోని అభ్రకం విడిపోయి రాయి కొంత కరిగింది, ఆ ద్రవమే ఈ గ్రానైట్. దగ్గరగా చూస్తే తెల్లటి రాతిలో టూర్మలిన్ నల్ల పుల్లలు, అక్కడక్కడా ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి.

వయసు కట్టడం దగ్గరే అసలు చిక్కు. మామూలుగా రాతిలో ఉండే జిర్కాన్ అనే ఖనిజపు చిన్న గింజల్ని నమ్ముకుంటారు, ఎందుకంటే అది ఏర్పడేటప్పుడు యురేనియంని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు, కాబట్టి లోపల ఉన్న సీసమంతా తర్వాత యురేనియం నుంచి పుట్టిందే అని లెక్క (యురేనియం-238 సగం అవ్వడానికి 447 కోట్ల ఏళ్ళు). కానీ ఈ గ్రానైట్ మరీ ఎక్కువ వేడి లేకుండా కరిగింది కదా, బురదలో వచ్చిన పాత జిర్కాన్లు పూర్తిగా కరగలేదు, వాటి చుట్టూ పల్చటి కొత్త పొర పట్టింది అంతే. మొత్తం గింజని కరిగించి కొలిస్తే రెండు వయసులూ కలిసిపోయి ఏ కాలానికీ చెందని అంకె వస్తుంది! అందుకే అయాన్ కిరణంతో మధ్యభాగం, అంచు విడివిడిగా కొలుస్తారు, లేదా మోనజైట్ అనే ఇంకో ఖనిజాన్ని పట్టుకుంటారు. నాకైతే ఆ మధ్యభాగమే ఎక్కువ ఇష్టం, కరిగిపోయిన బురద ఏ కాలపు కొండలు అరిగితే వచ్చిందో చెప్పగలిగేది అదే.

ఇంకోటి, హిమాలయాల్లో కనిపించిన గ్రానైటల్లా హిమాలయాలతో పుట్టింది అనుకోకండి. హిమాచల్‌లో మండీ గ్రానైట్, కిన్నౌర్ కైలాస్ గ్రానైట్ దాదాపు 50 కోట్ల ఏళ్ళవి, సట్లెజ్ లోయలో వాంగ్టూ దగ్గర వేడికీ ఒత్తిడికీ నైస్ (gneiss) అనే చారల రాయిగా మారిన గ్రానైట్ అయితే 185 కోట్ల ఏళ్ళ చుట్టుపక్కలది, అంటే ఆసియాని గుద్దుకునే నాటికే అవన్నీ ముసలి రాళ్ళు.