రాయగడలో పెరిగే పిల్ల, కొత్తగా వచ్చిన పిల్లి

ఒడిశాలోని రాయగడలో ఉంటే అది ప్రవాసమెలా అవుతుందని మా శ్రీకాకుళం చుట్టాలు అడుగుతుంటారు. విజయనగరంలో రైలెక్కి పార్వతీపురం దాటితే మా ఊరు వచ్చేస్తుంది. కాళహండి కొండల్లో పుట్టిన నాగావళి మా జిల్లా మీదుగా పారి, శ్రీకాకుళం పట్నాన్ని దాటి సముద్రంలో కలుస్తుంది. బజారులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. అయినా మా అమ్మాయి బడి ఒడియా, స్నేహాలు ఒడియా, ఆటల్లో అలకలూ ఒడియాలోనే. ఆరో తరగతికి వచ్చేసరికి దాని తెలుగు అన్నం పెట్టమనడం, నిద్రొస్తోందనడం దగ్గరే ఆగిపోయింది. అమ్మమ్మ ఫోను చేస్తే "బాగున్నాను, తిన్నాను" అని నాకిచ్చేసేది. అక్షరాలు దిద్దిస్తే దిద్దింది. కానీ అమ్మమ్మకి చెప్పడానికి దాని దగ్గర కబురంటూ ఉండాలి కదా. ఆ కబురు మా ఇంటికి పిల్లి రూపంలో వచ్చింది.

క్లాసుమేటు ఇంట్లో పుట్టిన కూన అది. పేరు బుల్లి. పిల్లిని తెచ్చారని తెలియగానే మా అమ్మ, "ఎదురొస్తేనే వెనక్కి వచ్చి కూర్చుంటాం, ఇంట్లోకే తెచ్చుకున్నారా?" అంది. పక్కింటి మౌసి (ఒడియాలో పిన్ని) మాత్రం షష్ఠీదేవి వాహనం పిల్లేనని, పిల్లల్ని కాచే తల్లి ఆమేనని చెప్పి కూనకి చేపముక్క పెట్టింది. ఒకే సాయంత్రం రెండు మాటలూ విన్న అమ్మాయి, "ఏది నిజం?" అని నన్నడిగింది. అమ్మమ్మ తన ఊళ్ళో విన్నది చెప్పిందనీ, మౌసి తన ఊళ్ళో విన్నది చెప్పిందనీ, బుల్లికి మాత్రం ఇప్పుడు ఆకలేస్తోందనీ చెప్పాను. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తేల్చమని పిల్లని నిలబెట్టడం నాకిష్టం లేదు.

మొదటి వారంలోనే బుల్లి కంట్లోంచి నీరు కారడం మొదలైంది. ముందు ఒక కన్నే. తర్వాత ఆ నీరు చిక్కబడి పసుపుపచ్చ పుసి అయింది. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయేవి. రెండో కన్నూ ఎర్రబడింది, తుమ్ములూ తోడయ్యాయి. అమ్మాయికి ఒకటే టెన్షన్, మనింటికి రావడం వల్లే ఇలా అయిందేమోనని.

ఆ అనుమానంలో కొంత నిజముంది. పిల్లుల్లో కళ్ళకలకకి ఎక్కువగా కారణమయ్యేవి హెర్పిస్ వైరస్, కాలిసివైరస్, క్లమిడియా, మైకోప్లాస్మా అనే బాక్టీరియాలు. హెర్పిస్ ఒకసారి సోకితే చాలా పిల్లుల్లో జీవితాంతం నరాల్లో దాగి ఉంటుంది. తల్లినీ తోబుట్టువుల్నీ వదిలి కొత్త ఇంటికి, కొత్త మనుషుల మధ్యకి వచ్చిన బెదురుకి అది మళ్ళీ బయటపడుతుంది. తల్లి దగ్గరే అంటుకున్న జబ్బయినా పైకి కనబడటానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అందుకే తెచ్చిన వారం పది రోజుల్లో ఇలా జరగడం మామూలే. ఇంట్లో వేరే పిల్లులుంటే కొత్తదాన్ని రెండు వారాలైనా విడిగా ఉంచమనేది ఇందుకే.

ఆ రాత్రి మా అమ్మ ఫోనులో నందివర్ధనం పూలు తడిపి కళ్ళమీద వేయమంది. చిన్నప్పుడు నా కళ్ళకలకకి అలాగే చేసేది, ఆ చల్లదనం నాకింకా గుర్తుంది. మౌసి పసుపు కలిపిన నీళ్ళతో కడగమంది. మా ఆయన ఫ్రిజ్‌లో మిగిలిన కంటిచుక్కల సీసా తీశారు. ముగ్గురిదీ ప్రేమే. కానీ మూడింటిలో ఏదీ ఆ కంట్లో పడనివ్వలేదు. అన్నిటికన్నా భయపడాల్సింది ఆ సీసాకే. మనుషులకి రాసే కంటిచుక్కల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. పిల్లి కనుగుడ్డు మీద పుండుంటే స్టెరాయిడ్ దాన్ని ముదరబెడుతుంది, కన్నే పోవచ్చు. పుండుందో లేదో మామూలు చూపుకి తెలియదు.

బుల్లిని చూసిన పశువుల డాక్టరు గారు ఒడియావారు. పిల్లి సంగతి అమ్మాయినే చెప్పనిచ్చాను. ఎప్పుడు మొదలైంది, ముందు ఏ కన్ను, తింటోందా, తుమ్ముతోందా, అన్నీ ఒడియాలో వరసగా చెప్పింది. ఆయన నారింజరంగు కాగితపు ముక్కని తడిపి కంటికి తాకించి, నీలం లైటు వేసి చూశారు. పుండుంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుందట. బుల్లికి లేదు. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, దాంతోపాటు డాక్సీసైక్లిన్ మాత్రలు రాశారు. క్లమిడియా అయితే ఈ మందు నాలుగు వారాల దాకా వాడాల్సి ఉంటుందని, కళ్ళు తేటపడ్డాయని మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని చెప్పారు. ఈ మాత్ర పొడిగా మింగితే పిల్లి అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. అందుకని మాత్ర వేశాక కాసిని నీళ్ళో, మెత్తటి తిండో తప్పకుండా పట్టించాలి. ఆకుపచ్చ వెలుగు కోసం మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసిన చూపు నాకు చాలా నచ్చింది.

ఆ రాత్రి ఫోను నేనెత్తలేదు, అమ్మాయికే ఇచ్చాను. పూలు ఎందుకు వేయలేదో అమ్మమ్మకి అదే చెప్పాలి. మొదట తడబడింది. "అమ్మమ్మా, కంట్లో పుండు ఉంటే..." అని ఆగి, నావైపు చూసి, మాట అందకపోతే ఒడియా మాట వేసేసి ముందుకెళ్ళింది. అమ్మ ఊరుకోలేదు, అడుగుతూనే ఉంది. మరి ఎలా తుడుస్తున్నావు? కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, ముక్కు వైపు మూల నుంచి బయటికి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు. పుసి ఎండిపోతే లాగకూడదు, తడిదూది కాసేపు ఆనించి మెత్తబడ్డాక తీయాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. "మీ అమ్మ చిన్నప్పుడు దానికీ ఇలాగే తుడిచేవాళ్ళం" అని మా అమ్మ నా కథ ఎత్తుకుంది. అది కూడా విన్నది పిల్ల. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

సరిహద్దు ఊళ్ళలో, ఇంకా దూరాల్లో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మన జ్ఞాపకాలు వాళ్ళ నోట తెలుగులో పలికించాలని చూస్తే రెండు ముక్కల్లో ముగించేస్తారు. వాళ్ళ సొంత గొడవ ఒకటి అమ్మమ్మకో తాతయ్యకో చెప్పాల్సిన అవసరం రానివ్వండి. మధ్యలో దూరి మనం చెప్పేయకుండా ఉండటం కష్టమే, నాకూ నాలుక మీదిదాకా వచ్చేది.

పిల్లి సంగతిలో ఇంకొన్ని. ముక్కు మూసుకుపోతే వాసన తెలియక పిల్లి తినడం మానేస్తుంది. ఉడికించిన చేపని గోరువెచ్చగా పెడితే తింటుంది. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు. రోజంతా ఏమీ తినకపోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. కన్ను అసలు తెరవకపోయినా, నల్లగుడ్డు మీద మబ్బు పట్టినట్టున్నా అంతే. మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. కంటి మూలలో గోధుమరంగు చిన్న పెచ్చు పొద్దున్నే కనబడితే అది ఎండిన కన్నీరే కావచ్చు, దానికి భయపడక్కర్లేదు. గీరినా కరిచినా ఆ చోటు సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

బుల్లి ఇప్పుడు బాగుంది. టీకాలు మొదలయ్యాయి. హెర్పిస్‌కి కూడా టీకా ఉంది, జబ్బు తీవ్రత తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపదు. సంక్రాంతికి మేం ఊరెళితే బెదిరి మళ్ళీ కళ్ళు కారొచ్చని, బుల్లిని ఇల్లు మార్చకుండా మా ఇంట్లోనే ఉంచి మౌసికి తాళం ఇవ్వాలనుకున్నాం. ఏ పూట ఏం పెట్టాలి, దూది ఎక్కడుంది, ఏం కనబడితే డాక్టరుకి ఫోను చేయాలి, అమ్మాయి ఒడియాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. అదే మళ్ళీ తెలుగులో అమ్మమ్మకి చదివి వినిపించింది. పసుపు నీళ్ళు వద్దన్న మాట కూడా అందులో ఉంది. మౌసి చదివి, అలాగేనంది.