మూడు సిస్టమ్‌లు, ఒక ఎరుపు రంగు

విశాఖపట్నంలో రొయ్యలను ఎగుమతి చేసే ఒక సంస్థ శీతల గిడ్డంగుల కోసం మేము చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి రాశాం. గదుల్లోని సెన్సార్లు పంపే ఉష్ణోగ్రతలను చదివి టెర్మినల్‌లో, అంటే అక్షరాలు మాత్రమే కనబడే ఆదేశాల తెరపై, వరుసగా చూపించడమే దాని పని. గడ్డకట్టించిన సరుకును మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ అంతకంటే చల్లగా గానీ నిల్వ చేయాలి కాబట్టి, ఆ హద్దు దాటిన గది పేరు ఎర్రగా కనబడాలని వారు కోరారు. మధురవాడలోని మా ఆఫీసులో కొందరు ఉబుంటు (ఒక రకం లినక్స్) మీద, కొందరు మ్యాక్ మీద పనిచేస్తారు. ఆ రెండింటిలోనూ ఎరుపు చక్కగానే వచ్చింది. గిడ్డంగిలోని పాత విండోస్ 7 కంప్యూటర్ దగ్గర కూర్చునే షిఫ్టు సూపర్‌వైజర్ గారు మాత్రం ఫోన్ చేసి, "గది పేరుకు ముందు బాణం గుర్తు, బ్రాకెట్, 31, ఎం అని వస్తోందండీ, ఇదేమైనా కొత్త అలారమా?" అని అడిగారు.

ఆయన చూసినది రంగు కాదు, రంగు వేయమని మేము పంపిన ఆదేశం. టెర్మినల్‌కు వెళ్లే అక్షరాలకు సొంతంగా ఏ రంగూ ఉండదు. 27 అనే సంఖ్య గల ఎస్కేప్ క్యారెక్టర్, దాని వెనుక ఎడమ చదరపు బ్రాకెట్, రంగును తెలిపే ఒక సంఖ్య (ఎరుపుకు 31), చివర చిన్న ఎం కలిపి పంపితే, అది అర్థమైన టెర్మినల్ ఇకపై వచ్చే అక్షరాలను ఆ రంగులో గీస్తుంది. ఆ సంఖ్య స్థానంలో సున్నా పంపితే మామూలు స్థితికి తిరిగి వస్తుంది. నాటకం రాతప్రతిలో కుండలీకరణాల మధ్య "కోపంగా" అని ఉంటే నటుడు కోపం చూపాలి గానీ ఆ మాటను పైకి చదవకూడదు. పాత విండోస్ కన్సోల్ (విండోస్‌లోని టెర్మినల్) దాన్ని పైకి చదివేసింది. ఈ ఆదేశాల ప్రమాణం, ఎక్మా-48, 1976లో తొలిసారి వెలువడింది. వీటికి విస్తృత ప్రచారం తెచ్చిన డెక్ కంపెనీ వారి వీటీ100 టెర్మినల్ (తెర, కీబోర్డు కలిసిన యంత్రం) 1978లో వచ్చినా, దానిలో రంగులే లేవన్నది నాకు ఎప్పుడూ వింతగా తోచే విషయం.

విండోస్ కథ వేరుగా నడిచింది. విండోస్‌కు ముందున్న డాస్ రోజుల్లో ఆన్సీ డాట్ సిస్ అనే డ్రైవర్‌ను కాన్ఫిగ్ ఫైలులో చేర్చుకుంటే ఈ ఎస్కేప్ కోడ్‌లు (వీటినే ఆన్సీ కోడ్‌లని కూడా అంటారు) పనిచేసేవి. ఆ తరువాత వచ్చిన విండోస్ ఎన్‌టీ కుటుంబపు కన్సోల్‌లో రంగు మార్చాలంటే అక్షరాల మధ్య ఆదేశం పంపే పద్ధతి చాలాకాలం లేదు. సెట్‌కన్సోల్‌టెక్స్ట్‌ఆట్రిబ్యూట్ అనే ఫంక్షన్‌ను విడిగా పిలవవలసి వచ్చేది. పైగా రెండు చోట్లా రంగుల లెక్క తలకిందులుగా ఉంటుంది: ఆన్సీలో 30కి కలిపే అంకె ఎరుపుకు 1, ఆకుపచ్చకు 2, నీలానికి 4 కాగా, విండోస్‌లో నీలం 1, ఆకుపచ్చ 2, ఎరుపు 4. అందువల్ల ఎరుపు, ఆకుపచ్చ కలిసిన పసుపు అక్కడ 3 అయితే ఇక్కడ 6 అవుతుంది. ఆకుపచ్చ మాత్రం రెండు చోట్లా 2 కాబట్టి, ఆ ఒక్క రంగుతో పరీక్షించి తృప్తిపడిన వారికి ఈ తేడా ఎన్నటికీ కనబడదు.

విండోస్ 10 వచ్చాక మైక్రోసాఫ్ట్ తన కన్సోల్‌కు కూడా ఎస్కేప్ కోడ్‌లు నేర్పింది. అయితే పాత ప్రోగ్రామ్‌ల ప్రవర్తన మారకుండా ఉండేందుకు, ప్రోగ్రామ్ తానే సెట్‌కన్సోల్‌మోడ్ అనే ఫంక్షన్ ద్వారా 4 విలువ గల ఫ్లాగ్‌ను (స్విచ్ లాంటి గుర్తును) పెట్టుకోవాలని నియమం ఉంచింది. ఆ పిలుపు విఫలమైతే ఇది పాత కన్సోల్ అని గ్రహించి రంగు మానేయడం మర్యాద. పైథాన్‌లో కలరామా లైబ్రరీ ఈ భారాన్ని తీసుకుంటుంది: కొత్త విండోస్‌లో ఫ్లాగ్ పెడుతుంది, పాతదానిలో మనం పంపిన కోడ్‌లను మధ్యలోనే పట్టుకొని ఫంక్షన్ పిలుపులుగా మారుస్తుంది, మిగతా సిస్టమ్‌ల జోలికి పోదు. గిడ్డంగి కంప్యూటర్‌కు మేము ఇదే వాడాం.

ఆపరేటింగ్ సిస్టమ్ ఏదని అడిగేకంటే ముందు, అవతల ఉన్నది అసలు టెర్మినలేనా అని అడగాలని నా అభిప్రాయం. ఫలితాన్ని ఫైలులోకి మళ్లించినా, పైపు ద్వారా మరో ప్రోగ్రామ్‌కు పంపినా, నిర్ణీత సమయానికి పనులు నడిపే క్రాన్ దాన్ని మెయిల్ చేసినా, ఈ ఆదేశాలను పాటించేవారు అక్కడ ఎవరూ ఉండరు. మాటలను వెతికే గ్రెప్ కమాండ్ వాడేవారికి మాట మధ్యలో చెత్త తగులుతుంది. ఇజ్‌ఏటీటీవై అనే పరీక్ష ఈ సంగతి ఒక్క పిలుపులో చెబుతుంది, ఎల్ఎస్, గిట్ వంటి కమాండ్‌లు రంగుల విషయంలో ఆటో స్థితిలో చేసేది కూడా ఇదే. దానికి తోడు, 2017లో ప్రతిపాదించిన నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రామ్‌లన్నీ చదవగల అమరికను) ఎవరైనా ఖాళీ కాని విలువతో పెట్టుకుంటే, వారికి రంగు వద్దని అర్థం. కమాండ్‌లో వాడుకరి స్వయంగా కోరిన మాట మాత్రం వీటన్నిటికంటే పైన ఉండాలి.

ఏ రంగు వాడాలన్న విషయంలో నేను పిసినారిని. 30 నుంచి 37 వరకున్న ఎనిమిది రంగులు అంతటా దొరుకుతాయి, వాటి అసలు ఛాయలను వాడుకరి థీమ్ నిర్ణయిస్తుంది. విండోస్ పాత కన్సోల్‌లో నలుపు మీద ముదురు నీలం ఎంత కష్టంగా కనబడేదో చూసినవారెవరూ మరచిపోరు. మైక్రోసాఫ్ట్ 2017లో ఆ ఛాయలను మార్చింది. 256 రంగుల పట్టికలో 16 మూలరంగులు, 216 మిశ్రమాలు, 24 బూడిద ఛాయలు ఉంటాయి. 24 బిట్ల రంగులు ఇంకా అందంగా ఉంటాయి గానీ, మ్యాక్‌తో వచ్చే టెర్మినల్ చాలా ఏళ్లు 256 దగ్గరే ఆగిపోయింది. థీమ్‌ను లెక్కచేయకుండా మనకు నచ్చిన ఛాయ రుద్దితే, తెల్లని నేపథ్యం పెట్టుకున్నవారికి మన లేత పసుపు కనబడకుండా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా కంటికి తెలియని వారు కూడా ఉంటారు కనుక, ఎర్రని వరుస పక్కన "హద్దు దాటింది" అన్న మాట కూడా పెట్టాం.

ఇక వరుసల్లోని గడులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా సర్దే పని మిగిలింది. ఎరుపుకు 5, మామూలు స్థితికి 4, వెరసి 9 క్యారెక్టర్లు తెరపై కనబడకపోయినా పైథాన్ లెక్కలో చేరతాయి. కాబట్టి ముందు గడి వెడల్పుకు సరిపడా ఖాళీలు నింపి, ఆ తరువాతే రంగు తొడగాలి. తెలుగు పేర్లకు ఈ ఉపాయం కూడా చాలదు. "స్త్రీ" అనే ఒక్క అక్షరాన్ని పైథాన్ 6 క్యారెక్టర్లుగా లెక్కిస్తుంది, దానికి తెరపై ఎన్ని అక్షరాల చోటు కేటాయించాలో ఒక్కో టెర్మినల్ ఒక్కో రకంగా తేల్చుకుంటుంది. ఎంత సర్దినా ఒకచోట కుదిరిన వరుస మరోచోట చెదిరిపోతుండడంతో, ఉష్ణోగ్రతను, సమయాన్ని ముందుకు తెచ్చి, తెలుగులో ఉన్న గది పేరును వరుస చివరకు జరిపాం. దాని తరువాత సర్దవలసిన గడి ఏదీ ఉండదు.